జత స్టూలు

కాలరమ్మ ఇంట్లో ఇవాళో రేపో గిన్నెలు ఎగురుతాయని పక్కింటావిడ అందట. కొత్తగా కుట్టు ఫ్యాక్టరీలో చేరిన కోడలికి గంటకి ఇచ్చేది, అదే ఫ్యాక్టరీలో తల నెరిసిన అత్తకిచ్చేదాని కంటే ఎక్కువట. పైగా ఇద్దరూ ఒకే బస్సెక్కి వెళ్ళి, ఒకే మిషను దగ్గర కూర్చుని, మళ్ళీ ఒకే బస్సులో తిరిగొస్తారట. "ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది చెప్పు, ఆవిడేమైనా రాయా?" అని కూడా అందట.

ఈ మాట ఆవిడ కాలరమ్మతో అనలేదు. మెట్ల మీద ఎదురైన బొత్తాల పిన్నితో అంది. చొక్కాలకి బొత్తాలు కుట్టే బొత్తాల పిన్నికి కడుపులో అన్నం నిలుస్తుంది గానీ మాట నిలవదు. పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర కాలరమ్మ మోచెయ్యి పట్టుకుని, తనవి కూడా రెండు మాటలు కలిపి, మొత్తం దించేసింది.

"గిన్నెలెగురుతాయందా?" అంది కాలరమ్మ.

"అంది అక్కా. నా చెవులతో విన్నాను."

"మా ఇంట్లో ఉన్నవే నాలుగు గిన్నెలు. ఎగిరితే వాళ్ళింట్లో పడతాయని ఆశ కాబోలు. పట్టుకోడానికి సిద్ధంగా ఉండమను."

వెనకాలే వస్తున్న కోడలు అంతా విన్నది. విననట్టు వంగి చెప్పు సర్దుకుంది.

కాలర్లు కుట్టి కుట్టి ఆమె కాలరమ్మ అయింది. చొక్కాలో మిగతా ముక్కలన్నీ చెప్పినట్టు వినేవే. కాలరొక్కటే మొండిది. రెండు గుడ్డముక్కలకి, బిరుసుగా నిలవడానికి బక్రం గుడ్డ పెట్టి, లోపలి వైపు పైకి ఉండగా మూడు వైపులా కుట్టి, మూలలు కత్తిరించి, జేబు తిరగేసినట్టు తిరగేయాలి. అప్పుడు రెండు మొనలూ పిట్టముక్కుల్లా రావాలి, రెండూ ఒక్క పిట్టవే అన్నట్టు రావాలి. ఒకటి వాడిగా, ఒకటి మొద్దుగా వచ్చిందా, తొడుక్కున్నవాడు ఎంత అందగాడైనా మెడ పట్టేసినట్టు కనిపిస్తాడు.

ఆ ఫ్యాక్టరీలో కొత్త చెయ్యి వస్తే పాత చెయ్యి పక్కన ఒక పొట్టి స్టూలు వేస్తారు. దాన్ని జత స్టూలంటారు. కొత్తమనిషి దాని మీద కూర్చుని చూస్తుంది. కాసేపయ్యాక ఇద్దరూ చోటు మారతారు, పాతమనిషి స్టూలు మీదకి వచ్చి కొత్తమనిషి చేతుల్ని చూస్తుంది. చెడిపోయిన ముక్కలు పాతమనిషి బుట్టలో పడతాయి. వాటిని విప్పి మళ్ళీ కుట్టేది కూడా పాతమనిషే. కాలరమ్మ ఒకప్పుడు ఆ స్టూలు మీద కూర్చునే పని నేర్చుకుంది, తర్వాత ఎంతమందిని కూర్చోబెట్టుకుందో ఆమెకే గుర్తులేదు. అందరికీ నెల జీతాలున్నన్నాళ్ళూ ఈ పద్ధతి ఎవరికీ బరువనిపించలేదు.

కొత్త మేనేజరు వచ్చి గంట రేట్లు పెట్టాడు. చదువుకి ఇంత, అనుభవానికి ఇంత, చేతి వేగానికి ఇంత, మూడూ కలిపితే మనిషి గంట రేటు. కుర్రవాడే గానీ చెడ్డవాడు కాదు. పాత మేనేజరు తనకి నచ్చినవాళ్ళకి పెంచి, నచ్చనివాళ్ళకి కోసేవాడు. "నా ఇష్టాయిష్టాలతో పనిలేదు, లెక్క చెప్పినంతే" అని ఇతను అన్నప్పుడు షెడ్డులో చప్పట్లు కొట్టినవాళ్ళలో కాలరమ్మ కూడా ఉంది.

ఆ రోజు కోడలు మిషను ముందు కూర్చుని కుట్టిన కాలరు తిరగేసి, కత్తెర మొనతో మూలని లోపల్నించి నెట్టింది. టప్పున చిన్న చప్పుడైంది.

"పొడిచావా?" అంది కాలరమ్మ, విప్పుతున్న కుట్టు మీంచి తలెత్తకుండానే.

"లేదత్తయ్యా. కొంచెం నెట్టాను. అదే చిరిగింది."

"దానంతటదే చిరిగిందా? పాపం, దానికేం కష్టమొచ్చిందో."

కోడలు నవ్వాపుకుంది. కాలరమ్మ ఆ ముక్కని తీసుకుని వెలుతురుకి ఎత్తి, కంతలోంచి కోడలి ముఖం చూసి, బుట్టలో వేసింది. తర్వాత కొత్త ముక్క అందుకుంది.

"మొనని లోపల్నించి నెట్టకూడదమ్మాయ్. బయట్నించి పిలవాలి." మూల దాకా కుట్టి, సూది గుడ్డలో దిగి ఉండగానే ఆపింది. ఒక దారం ముక్కని మధ్యకి మడిచి, ఆ మడత సూదికి తగిలించి, రెండు కొసల్నీ రెండు గుడ్డల మధ్యకి తోసి, అడ్డంగా ఒకే ఒక్క కుట్టు వేసి మలుపు తిరిగింది. కాలరు తిరగేశాక దారం రెండు కొసలూ బయటికి వేలాడాయి. వాటిని పట్టుకుని మెల్లగా లాగింది. మొన నిద్రలేచినట్టు బయటికొచ్చింది. దారం తీసి పారేసింది.

"ఇది మాకు చెప్పలేదు," అంది కోడలు.

"మరి ఆ మూడేళ్ళ డిప్లొమాలో ఏం చెప్పారే మీకు?"

"కొలతలు, గుడ్డ రకాలు, ముక్కల అమరిక, మిషన్ల సంగతి. కాలరు ఒక్క పూట. బొమ్మ వేసి చూపించారు."

"బొమ్మ కాలరయితే ఎవరైనా తొడుక్కోవచ్చు."

కాలరమ్మ ఆ మాట వెటకారానికి అన్నా, కోడలి చదువుని ఎన్నడూ చులకన చేయలేదు. చేరిన కొత్తలోనే ఆ పిల్ల కంప్యూటరు తెర మీద చొక్కా ముక్కల్ని అటు జరిపి ఇటు తిప్పి, ఒక థానులో పీలికల కింద పోయే గుడ్డని సగానికి సగం మిగిల్చింది. కటింగు మాస్టారు రెండుసార్లు కొలిచి చూసుకున్నాడు. ఆ సాయంత్రం కాలరమ్మ బస్సులో తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ ఆ సంగతి చెప్పింది. టిక్కెట్లు కొట్టేవాడు కూడా తప్పించుకోలేకపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం టీ వేళకి మేనేజరు గోడకి పెద్ద పటం ఒకటి అంటించాడు. కింద అడ్డంగా అనుభవం, పక్కన నిలువుగా గంట రేటు. పెద్దగా చదవనివాళ్ళు నల్లచుక్కలు, పది దాటినవాళ్ళు నీలం చుక్కలు, డిప్లొమావాళ్ళు ఎర్రచుక్కలు. చుక్కల మధ్యలోంచి ఒక గీత మొదట మేకపిల్లలా ఎగబాకి, తర్వాత చదునుగా నడిచి, చివర్లో కిందికి వంగింది.

ఆడవాళ్ళు టీ గ్లాసులతో పటం చుట్టూ మూగారు. "నేనెక్కడ, నేనెక్కడ" అని ఒకటే గోల. పెళ్ళి ఫోటోలో తమని తాము వెతుక్కుంటున్నట్టుంది.

"ఇందులో నేనేది బాబూ?" అంది కాలరమ్మ.

మేనేజరు పెన్నుతో చూపించాడు. గీత వంగినచోట, దానికింకా కింద, ఒక నల్లచుక్క.

"ఇదా? ఈగ రెట్టేసిందనుకున్నాను."

అందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. నవ్వు ఆగాక కాలరమ్మ ఆ చుక్క దగ్గరికి ముఖం పెట్టి, "ఈ గీత పోయి పోయి ఇక్కడెందుకు వంగింది?" అంది.

"అనుభవం ఒక హద్దు వరకేనమ్మా రేటు పెంచేది. అది దాటాక చేతి వేగం పడిపోతుంది. ఈ మధ్య మీరు గంటకి కుట్టే కాలర్లు బాగా తగ్గాయి. నేను కావాలని చేసింది కాదు, మీరే చూడండి." గొంతు కాస్త తగ్గించాడు. "వచ్చే నెల నుంచి మీది మొదటి తరగతి నుంచి రెండో తరగతి రేటుకి దిగుతుంది. మీ వయసువాళ్ళందరికీ దాదాపు అంతే."

కాలరమ్మ చేతిలో ఉన్న సూదిని భుజం మీద గుడ్డకి గుచ్చుకుంది. గ్లాసులో మిగిలిన టీ తాగింది, చల్లారినా వదల్లేదు. ఆ షెడ్డులో ఆమె జీతం పెరగడం ఆలస్యమైన రోజులున్నాయి. తగ్గిన రోజు లేదు.

కోడలు మాత్రం పటం దగ్గరే నిలబడిపోయింది. సైరను మోగినా కదల్లేదు. ఒక్కొక్క చుక్క మీదా వేలు పెట్టి, పక్కనున్న బొత్తాల పిన్నిని "ఇదెవరు? ఇదెవరు?" అని అడుగుతూ ఉంది.

ఇంటికొచ్చాక ఇద్దరూ వంటగదిలో చేరారు. అత్త ఉల్లిపాయలు తరుగుతోంది, కోడలు పొయ్యి దగ్గర ఉంది. సరుకుల వ్యాను నడిపే కొడుకు అప్పుడే వచ్చి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ సంగతంతా విన్నాడు.

"దీనికింత బాధెందుకమ్మా? నీది కొంచెం తగ్గింది, తనది ఎక్కువుంది. రెండూ వచ్చేది ఈ ఇంట్లోకేగా," అన్నాడు.

కత్తి ఆగింది. గరిటె కూడా ఆగింది.

"ఒరేయ్, నీ వ్యాను అద్దె తగ్గించి పక్కవాడి వ్యానుకి పెంచితే, రెండూ ఒకే రోడ్డు మీద నడుస్తున్నాయిలే అని ఊరుకుంటావా?" అంది కాలరమ్మ.

"నేనేమన్నానిప్పుడు..."

"మీరేమీ అనకండి. కాళ్ళు కడుక్కోండి," అంది కోడలు.

అతను బూట్లు చేత్తో పట్టుకుని అక్కణ్ణించి తప్పుకున్నాడు.

కోడలు చాలాసేపు కూర కలుపుతూ నిలబడింది. కలిపేందుకు అందులో ఏమీ లేదు. "అత్తయ్యా, ఆ తేడా ఎంతుంటే అంత నేను ప్రతి నెలా మీ చేతికి..."

"నోర్ముయ్." ఉల్లిపాయ ఘాటుకి కాలరమ్మ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, గొంతులో మాత్రం తడి లేదు. "నీ రేటు నీది. మూడేళ్ళు బస్సులో నిలబడి వెళ్ళి చదువుకున్నావు. అందులో ఒక్క పైసా నాకొద్దు, ఒక్క పైసా నువ్వు తగ్గొద్దు. నీకెక్కువ ఇస్తున్నారని కాదు నా బాధ. నాకెందుకు కోశారు అని."

"మీకెందుకు కోశారో నేను చూశాను," అంది కోడలు. పొయ్యి తగ్గించి ఇటు తిరిగింది. "ఆ గీత వయసు వల్ల వంగలేదత్తయ్యా. వంగినచోట ఉన్నవాళ్ళందరూ ఎవరో అడిగి తెలుసుకున్నాను. మీరు, బొత్తాల పిన్ని, కాజాల దగ్గరావిడ, చొక్కాలకి చేతులు అతికే ఆవిడ. మీ అందరి పక్కనా జత స్టూళ్ళున్నాయి. మీ వయసుదే, ఇస్త్రీ బల్ల దగ్గరావిడ పక్కన స్టూలు లేదు. ఆవిడ చుక్క పైనే ఉంది."

కాలరమ్మ కత్తి కింద పెట్టింది.

"అంటే?"

"మేం చెడగొట్టినవి విప్పుతూ కూర్చునే టైము మీ వేగంలోంచి పోతోంది. మీకు చేతకాక కాదు. మేం నేర్చుకుంటున్నందుకు."

"ఇదంతా నీకు ఆ పటంలో కనబడిందా?"

"పటంలో స్టూళ్ళు లేవు. ఆ సంగతి కనబడింది."

కాలరమ్మ కోడలి వంక తేరిపార చూసింది. తర్వాత చిన్నగా నవ్వి మళ్ళీ కత్తి అందుకుంది. "మూడేళ్ళు ఊరికే పోలేదే పిల్లా నీకు," అంది.

సోమవారం పొద్దున బస్సులో చోటు దొరికింది. కిటికీ వైపు కోడల్ని కూర్చోబెట్టి కాలరమ్మ మెల్లగా చెప్పింది. "ఇవాళ్టి నుంచి నీ పక్కన కూర్చోను. నా పని నేను చేసుకుంటా. నీకు ఖాళీ మిషనొకటి చూపిస్తారు, దాని మీద కుట్టు. పాడైతే పాడవనీ. దాచొద్దు, విప్పొద్దు. కంగారుపడొద్దు."

"నేనింకా ట్రయలు మీదున్నాను అత్తయ్యా. తీసేస్తే?"

"తీసేయరు. ఏరికోరి తెచ్చుకున్న డిప్లొమావాళ్ళని తీసేస్తే తెచ్చిన మేనేజరు పరువు పోదూ? కానీ నువ్వు మాత్రం ఎక్కడా నోరు విప్పకు. అడిగేది నేను అడుగుతా. నన్ను తీసేయాలంటే వాళ్ళు రెండుసార్లు ఆలోచించాలి. నిన్నయితే ఒక్కసారి చాలు."

కోడలు తలూపింది. ఆమె ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

షెడ్డులోకి వెళ్ళగానే కాలరమ్మ తన పక్కనున్న జత స్టూలుని తీసి గోడ పక్కన పెట్టింది. దులిపి మరీ పెట్టింది. తర్వాత మిషను ముందు కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. చాలా వారాల తర్వాత ఆమె చేతుల్ని ఎవరూ ఆపలేదు. ముక్క మీద ముక్క ఆమె వేళ్ళ కింద నుంచి నీళ్ళలా జారిపోతూ ఉంటే, పక్క వరస అమ్మాయి తన పని మాని చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నానికి ఆమె కుట్టిన కాలర్లకి బుట్ట చాల్లేదు.

షెడ్డు అంతా గుసగుసలు. పక్కింటావిడ అన్నంతా అయిందని కొందరు నోరు నొక్కుకున్నారు. "చూశావా, సొంత కోడలని కూడా లేదు," అని ఒకావిడ అంటే, "సొంత కోడలు గనకే," అంది ఇంకొకావిడ. కోడలు మూల మిషను దగ్గర ఒక్కతే కూర్చుని కుడుతోంది. దారం పెట్టి పిలవడం చూసింది గానీ చేతికి ఇంకా పట్టుబడలేదు. ఒకసారి అడ్డకుట్టు దారాన్ని తప్పించుకుంది, ఒకసారి లాగితే తెగింది. ఆమె బుట్టలో మొద్దుమొనలు, కంతల మొనలు కుప్ప పడుతున్నాయి. రెండుసార్లు ఆమె కళ్ళు అత్త వైపు తిరిగాయి. కాలరమ్మ చూసింది. వేళ్ళు దురదపెట్టాయి, ఆ పిల్ల చేతిలో గుడ్డ లాక్కుని ఇలాగే అని చూపిద్దామని లేవబోయింది కూడా. మళ్ళీ కూర్చుని దారం మార్చుకుంది.

టీ వేళ బొత్తాల పిన్ని పరుగెత్తుకొచ్చింది. "ఏంటక్కా ఇది? పిల్ల ఏడ్చేలా ఉంది."

కాలరమ్మ ఆమెని పక్కకి తీసుకెళ్ళి, కోడలు పటంలో చూసిన సంగతి చెప్పింది. పిన్ని ముక్కున వేలేసుకుంది. ఆ మాట ఆమె కడుపులో ఎంతసేపు నిలవాలో అంతసేపే నిలిచింది. కాలరమ్మకి కావలసిందీ అదే.

మంగళవారం పొద్దున షెడ్డు గోడ పక్కన స్టూళ్ళు వరసగా ఉన్నాయి. ఎవరూ కేకలు వేయలేదు, ఎవరూ పని ఆపలేదు. పాతవాళ్ళందరూ ముందెన్నడూ లేనంత వేగంగా కుడుతున్నారు. కొత్తగా వచ్చిన డిప్లొమా పిల్లల బుట్టలు మాత్రం పొంగిపొర్లుతున్నాయి. కాజాలు బొత్తాల కంటే చిన్నవి వచ్చాయి. ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే వచ్చాయి.

మధ్యాహ్నానికి మేనేజరు ఆ చొక్కా పట్టుకుని కాలర్ల బల్ల దగ్గరికి వచ్చాడు. ముందు గోడ పక్కన స్టూళ్ళని చూశాడు. తర్వాత కాలరమ్మ బుట్ట చూశాడు.

"మీ వేగం ఇంతుందా? మరి ఇన్నాళ్ళూ ఏమైందమ్మా?"

"మీ పిల్లల బుట్టల్లో పడి ఉంది బాబూ. విప్పుతూ కూర్చున్నాను."

అతనికి విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు, తెలివైనవాడే. చొక్కా బల్ల మీద పెట్టి నుదురు రుద్దుకున్నాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"సరే. మీ మొదటి తరగతి రేటు మీకుంచేస్తాను. స్టూలు వేసుకోండి."

"నా ఒక్కదాని పక్కనే ఉందా స్టూలు?"

"అదేంటమ్మా!" అతని గొంతులో విసుగు కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది. "కోడలికి నేర్పడానిక్కూడా లెక్కలా? ఇంటి మనిషే కదా!"

"ఇంట్లో అడిగితే ఊరికే నేర్పుతా, అన్నం పెట్టి మరీ నేర్పుతా. ఇక్కడ సైరను మోగాక అది నా కోడలు కాదు, మీ మనిషి. మీ మనిషికి నేర్పుతున్నా."

బొత్తాల పిన్ని కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేనేజరు ఆలోచిస్తూ బల్ల చుట్టూ రెండడుగులు వేశాడు.

"సరే, అందరికీ ఒకటే మాట. నేర్పే గంటలు విడిగా రాయిస్తాను. మీ వేగంలో వాటిని కలపను. ఎవరి తరగతీ తగ్గదు. ఆ గంటలకి సహాయకుల రేటు ఇస్తాను."

కాజాల దగ్గరావిడ హమ్మయ్య అనుకుంది. చేతులు అతికే ఆవిడ గోడ దగ్గరున్న స్టూలు వైపు ఒక అడుగు వేసింది.

"సహాయకులంటే దారాలు తెంపేవాళ్ళా?" అంది కాలరమ్మ.

"వాళ్ళ రేటే."

"కుదరదు బాబూ. దారాలు తెంపమంటే తెంపుతాను, ఆ రేటు తీసుకుంటాను. నేర్పమంటే మాత్రం, ఎవరికి నేర్పుతున్నానో వాళ్ళ గంట రేటు నాకూ ఇవ్వండి. పైన ఒక్క పైసా అడగను."

స్టూలు వైపు వేసిన అడుగు వెనక్కి వచ్చింది.

మేనేజరు నవ్వాడు. ఎగతాళి లేదు అందులో, చిన్నపిల్లకి నచ్చజెప్పేవాడి నవ్వు. "అది డిప్లొమా రేటమ్మా. చదువుకంటూ ఒక విలువ ఉండాలా వద్దా? డిప్లొమా లేని మనిషికి డిప్లొమా రేటు నేనెలా ఇస్తాను? పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను?" మూల మిషను వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు చదువుకున్నదానివి. మీ అత్తగారికి అర్థమయ్యేలా నువ్వే చెప్పు."

కోడలు లేచి నిలబడింది. చేతిలో సగం తిరగేసిన కాలరు అలాగే ఉంది. కాలరమ్మ వద్దన్నట్టు కళ్ళతోనే గట్టిగా చెప్పింది. కోడలు ఆ కళ్ళని చూసింది, చూసి, వాటి మీంచి మేనేజరు వైపు తిరిగింది.

"నాకు డిప్లొమా ఉంది సార్. కాలరు రాదు. మరి నాకా రేటు ఎలా ఇస్తున్నారు?"